ఒక ఇంట రెండు పిల్లులు

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి పండినంతకాలం ఎలుక ఉంటుంది. ఎలుక ఉన్నంతకాలం పిల్లి ఉంటుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పెంకుటిళ్లలో గాదెలున్న నాటినుండి పిల్లి ఇంటి మనిషి వలెనే మెలగినది. ధాన్యపు పురులను తొలిచే పందికొక్కు మన రైతుకు ఎంత సుపరిచితమో చెప్పనక్కరలేదు. ఆంగ్లభాష సైతం ఆ జంతువుకు ‘బాండికూట్’ అనే పేరును మన తెలుగు మాటనుండియే గ్రహించినది. ఆ పందికొక్కుకు, ఎలుకకు విరోధియైన పిల్లి విషయంలో మరొక విశేషం కలదు. మన కళాశాల ఆవరణలో వినబడే రెండు భాషలలోను దాని పేరు ఇంచుమించు ఒక్కటే. ఉర్దూలో బిల్లీ, తెలుగులో పిల్లి.

గాదెలు పోయి డాబాలు వచ్చిన తరువాత ఎలుకల కోసం గాక ముచ్చట కోసం పిల్లిని పెంచేవారు మన పట్టణాలలో కనబడుతున్నారు. ఆ ముచ్చటతోపాటు ఒక సమస్య కూడ ఇంటిలో అడుగుపెట్టినది. “పాపం, ఒక్కటే ఉన్నది, దీనికొక తోడు తెద్దాం” అని ఇంటివారు జాలిపడి రెండవ పిల్లిని తెస్తారు. తెచ్చిన నాడే రెండింటిని ఒకచోట వదలుతారు. బుసలు, అరుపులు, రక్కులు మొదలవుతాయి. పది దినాలు గడిచేసరికి విసిగిపోయి, రెండింటిలో ఒకదానిని గోనెసంచిలో వేసి, కాలువ అవతల వదలివస్తారు. జాలితో మొదలైన పని ఒక మూగజీవి ఆకలితో ముగుస్తుంది. ఈ విధంగా జరగడానికి కారణం ఆ పిల్లుల దుష్టస్వభావం కాదు. పిల్లి ఎటువంటి జంతువో తెలియకపోవడమే కారణం. ఆ తెలివిడిని మా విద్యార్థులకు అందించడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

పిల్లి పూర్వీకులు

కుక్క పూర్వీకుడైన తోడేలు మందలో బ్రతికే జంతువు. మందకు ఒక కట్టుబాటు, పెద్ద చిన్న అనే తేడా, తగ్గవలసిన చోట తగ్గే నేర్పు ఉంటాయి. అందుచేత కుక్క ఇంటికి వచ్చిన కొత్త కుక్కతో ఏదో ఒక ఒప్పందానికి రాగలుగుతుంది. పిల్లి వంశం వేరు. నేటి పెంపుడు పిల్లులన్నిటికి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి అని 2007లో ప్రకటితమైన జన్యుపరిశోధన నిరూపించినది. ఆ అడవిపిల్లి ఒంటరిగా తిరిగి ఒంటరిగా వేటాడే జంతువు. అది వేటాడేది ఎలుకంత చిన్నప్రాణిని; ఒక ఎలుక ఒక్క పిల్లికి ఒక పూటకైనా చాలదు. పంచుకొని తినే అవసరం లేని చోట కలసి వేటాడే అలవాటు పుట్టదు.

మానవుడు వ్యవసాయం నేర్చి ధాన్యం నిలువచేయడం ఆరంభించినప్పుడు ఎలుకలు చేరినవి. ఎలుకల వెంట పిల్లులు వచ్చినవి. సైప్రస్ దీవిలో సుమారు 9500 సంవత్సరాల నాటి సమాధి ఒకటి బయటపడగా, అందులో మనిషి అస్థిపంజరానికి మూరెడు దూరంలో పిల్లి అస్థిపంజరం కూడ కనబడినది. ఈ సంగతి 2004లో లోకానికి తెలిసినది. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు. అనగా ఎవరో పడవలో వెంట తీసికొని వెళ్లినారన్నమాట. ఇంత ప్రాచీనమైన స్నేహమైనను, పిల్లిని మనం పశువువలె కట్టివేసి, ఏరి, మచ్చికచేయలేదు. అది తనంతట తాను వచ్చి మన ముంగిట నిలిచినది. అందువలన దాని స్వభావంలో ఆ ఒంటరి వేటగాని పోకడలు నేటికిని మిగిలి ఉన్నవి.

మరి నిజాంపట్నం రేవులోను, చేపల అంగళ్ల వద్దను పిల్లులు గుంపుగా కనబడుతాయి కదా అని విద్యార్థులు ప్రశ్నించవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. ఆహారం ఒకచోట పుష్కలంగా దొరికినప్పుడు పిల్లులు గుంపు కట్టగలవు. కాని ఆ గుంపు నడిమిలో సాధారణంగా ఉండేవి తల్లి, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు. అవి ఒకదాని పిల్లలకు మరొకటి పాలిచ్చి సాకుతాయి. ఒకదానినొకటి నాకుకొంటాయి, చెంపలు రాచుకొంటాయి. ఆ రాపిడిలో చెంపల గ్రంథుల వాసన ఒకటై, ఆ ఉమ్మడి వాసనయే ఆ గుంపునకు గుర్తుగా నిలుస్తుంది. ఆ వాసన లేని కొత్త పిల్లి వస్తే అన్నియు కలసి తరుముతాయి. కనుక పిల్లి స్నేహం ఎరుగనిది కాదు, అపరిచితుని నమ్మనిది. ఈ భేదం గ్రహించినవారికి తరువాతి విషయమంతయు సులభమే.

తోడు ఎవరికి కావలెను?

రెండవ పిల్లిని తెచ్చుటకు పూర్వం ఇంటివారు తమను తాము అడుగవలసిన ప్రశ్న ఇది. తోడు పిల్లికి కావలెనా, లేక పిల్లిని చూచి మురిసే మనకా? ఇంటి పిల్లి తిని, ఆడి, కిటికీలో ఎండకు పడుకొని తృప్తిగా ఉన్నచో అది ఒంటరితనంతో కుములుతున్నదని అనుకొనరాదు. వయసు మీరిన పిల్లి, జబ్బుతో ఉన్న పిల్లి, పెరటి గోడ మీద పొరుగు పిల్లి కనబడినంతనే తోక ఉబ్బించి బుసకొట్టే పిల్లి, వీటికి తోడు తేవడం వాటి సుఖం చెడగొట్టడమే.

ఒక సంవత్సరంలోపు వయసుండి, ఇల్లంతా పరుగులెత్తి, నడిచేవారి కాళ్లమీదికి దూకుతూ, ఇంటివారు ఉద్యోగాలకు, చదువులకు పోయినప్పుడు దినమంతా ఒంటరిగా ఉండే పిల్లికి తోడు వలన మేలు కలుగవచ్చును. పూర్వం మరొక పిల్లితో స్నేహంగా పెరిగిన చరిత్ర ఉన్నచో ఆశ మరింత ఎక్కువ. ఐతే ఆప్తమైన తోడును పోగొట్టుకొని దిగులుపడిన పిల్లికి ఆ వారమే మరొకదానిని తేవడం మంచిది కాదు. దిగులు తీరనిచ్చి, మేత మామూలుగా తిననిచ్చి, ఆ తరువాత ఆలోచింపవలెను.

ఇక రెండవ పిల్లి తెచ్చినంతమాత్రాన మొదటి పిల్లి దురలవాట్లు మానుతుందనుకొనుట భ్రమ. గోళ్లతో పరుపు చీల్చే పిల్లి, ఇంటిలో మూత్రం చిమ్మే పిల్లి ఉన్నచోట ముందు ఆ అలవాటునకు కారణం వెదకి సరిచేయవలెను. లేకున్న ఒక సమస్య రెండవుతుంది.

జరద్గవం నేర్పిన పాఠం

పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలోని మిత్రలాభం చదువని తెలుగు విద్యార్థి ఉండడు. అందులో దీర్ఘకర్ణమనే పిల్లి మంచిమాటలు చెప్పి, జరద్గవమనే ముసలిగ్రద్ద తొఱ్ఱలో చోటు సంపాదించి, ఆ చెట్టుమీది పక్షిపిల్లలను తినివేసి తప్పించుకొని పోతుంది. నింద గ్రద్ద మీద పడుతుంది. వచ్చినవాని కులశీలాలు విచారింపక ఇంట చోటీయరాదని ఆ కథ సారాంశం. పిల్లిని ఎంచుకొనే సందర్భంలో ఆ నీతి అక్షరాలా వర్తిస్తుంది. ఇక్కడ కులమనగా జాతి, రంగు కాదు. అది పెరిగిన తీరు, ఆరోగ్యం, నడవడి.

మొదట వయసు. పిల్లిపిల్ల పుట్టిన రెండవ వారం నుండి ఏడవ వారం వరకు గల కాలం దాని జీవితానికి పునాది. ఆ దినాలలో మనుష్యుల చేతి స్పర్శను, తోటి పిల్లుల ఆటను ఎరిగిన పిల్ల పెద్దదైన తరువాత కలుపుగోలుగా ఉంటుంది. కనుక ఎనిమిది వారాలైనా నిండనిదే పిల్లను తల్లినుండి వేరుచేయరాదు. తోబుట్టువులతో ఆడేటప్పుడే, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివానికి నొప్పి కలుగుతుందో అది నేర్చుకొంటుంది. ఈ చదువు లేని పిల్లి మరొక పిల్లితో మర్యాదగా ఆడనేరదు.

సామాన్యంగా పెద్ద పిల్లి మరొక పెద్ద పిల్లి కన్న చిన్న పిల్లను త్వరగా సహిస్తుంది. కాని ముసలి పిల్లి చెంతకు నాలుగు నెలల చిలిపి పిల్లను తేవడం తాతగారి మంచంమీద గోలీలాట పెట్టడం వంటిది. వయసులోను, హుషారులోను సమానమైన దానిని తేవడమే మేలు. నెమ్మదియైన పిల్లికి నెమ్మదియైనది, దూకుడు పిల్లికి దూకుడు గలది తగిన జోడు. ఆడ, మగ అనే తేడా కన్న స్వభావాల పొందిక ముఖ్యం. అసలు ఇంట పిల్లియే లేనివారు మొదటి నుండియే రెండు కావాలనుకొన్నచో, ఒకే ఈతలోని రెండు పిల్లలను కలిపి తెచ్చుకొనుట అన్నిటికన్న సులభమైన మార్గం. వాటికి పరిచయం చేయవలసిన పని లేదు.

ఇక ఎక్కడ నుండి తేవలెను? మన వీధులలో, అంగళ్లలో దిక్కులేని పిల్లలు ఎన్నో ఉన్నవి. వేలు పోసి పొడుగుబొచ్చు పర్షియా పిల్లిని కొనుటకన్న వాటిలో ఒకదానిని ఆదరించుట పుణ్యమే గాక వివేకం కూడ. డెల్టా వేసవిలో ఆ దట్టమైన బొచ్చు ఆ జంతువుకే భారం. ఒక్క హెచ్చరిక. రేపల్లె, నిజాంపట్నం వైపు మడ అడవుల చేరువలో, చేపలచెరువుల గట్లమీద, చారలు మచ్చలు గల బలమైన పిల్లిపిల్లలు కనబడితే ఇంటికి తేరాదు. చేపలు పట్టి తినే నీటిపిల్లి ఆ కృష్ణా ముఖద్వారపు మడలలో నివసించే అరుదైన వన్యమృగం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి అత్యున్నత రక్షణ కల్పించినది. దానిని పట్టుట నేరం, పెంచుట అసాధ్యం.

గడప దాటుటకు ముందు

కొత్త పిల్లి ఇంటి గడప దాటుటకు ముందే పశువైద్యుని చూడవలెను. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ప్రభుత్వ పశువైద్యశాలలు ఉన్నవి. పెద్ద చికిత్స అవసరమైనచో గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల కలదు. పిల్లులకు సోకే వ్యాధులలో కొన్ని బయటికి కనబడవు. రక్తకణాల క్యాన్సర్‌కు కారణమయ్యే పిల్లి ల్యుకేమియా వైరస్‌ను 1964లో స్కాట్లండులోను, వ్యాధినిరోధకశక్తిని హరించే మరొక వైరస్‌ను 1986లో కాలిఫోర్నియాలోను కనుగొన్నారు. మొదటిది నాకుకొనుట, ఒకే పళ్లెంలో తినుట వంటి చెలిమివలన వ్యాపిస్తుంది. రెండవది ముఖ్యంగా కాట్లవలన, అనగా పోట్లాటవలన వ్యాపిస్తుంది. ఇవి మనుష్యులకు సోకవు. కాని స్నేహమైనా వైరమైనా పిల్లికి ప్రమాదమే కనుక వీలైనచోట రక్తపరీక్ష చేయించుట శ్రేయస్కరం.

పిల్లులలో వాంతులు, విరేచనాలతో పిల్లలను రెండు మూడు దినాలలో బలిగొనే పాన్‌ల్యుకోపీనియా అనే అంటువ్యాధికి, జలుబుజ్వరాలకు, రేబిస్‌కు టీకాలు ఉన్నవి. పాత పిల్లికి, కొత్త పిల్లికి రెండింటికి వేయించవలెను. టీకా వేయించినను కొత్త పిల్లిని కనీసం రెండు వారాలు వేరుగదిలో ఉంచుట మంచిది. కడుపులోని పురుగులు, చెవిలోని గోమార్లు, చర్మపు తామర ఈ వ్యవధిలో బయటపడుతాయి. తామర మనుష్యులకు కూడ అంటుతుందని మరువరాదు. పిల్లి కరచినను, రక్కినను ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదేదినం ఆసుపత్రికి వెళ్లవలెను. రేబిస్ కుక్కకాటుకే పరిమితం కాదు.

మరొక ముఖ్యవిషయం శస్త్రచికిత్స. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసులోనే చూలు కట్టగలదు. తొమ్మిది వారాలలో ఈనుతుంది. ఏటికి రెండు మూడు ఈతలు సామాన్యం. పిల్లికి అన్న, చెల్లెలు అనే వరుసలు లేవు. ఒకే ఈతలోని జంటను తెచ్చినవారు ఈ విషయంలో ఏమరుపాటుగా ఉన్నచో రెండు పిల్లులు ఏడాది తిరిగేసరికి పది అవుతాయి. ఆ పదింటిలో ఎనిమిది మరల గోనెసంచి పాలే. శస్త్రచికిత్స జరిగిన పిల్లులలో పోట్లాట, మూత్రం చిమ్ముట, రాత్రి తిరుగుళ్లు తగ్గుతాయి. కనుక రెండవ పిల్లిని తెచ్చే ఖర్చులో దీనిని మొదటి పద్దుగా వ్రాసుకొనవలెను.

రామకృష్ణుని పిల్లి నేర్పిన పాఠం

తెనాలి పేరు చెప్పగానే రామకృష్ణ కవి, ఆయన పిల్లి జ్ఞప్తికి వస్తాయి. రాజుగారు ఎలుకల బెడద తొలగించుటకై అందరికి తలా ఒక పిల్లిపిల్లను, దానికి పాల కొరకు ఒక ఆవును ఇచ్చినారట. రామకృష్ణుడు మొదటి దినమే సలసల కాగిన పాలను పిల్లి ముందు పెట్టినాడు. మూతి కాలిన ఆ పిల్లి నాటినుండి పాలగిన్నె కనబడితే పారిపోయేది. పాలన్నీ కవిగారి ఇంటివారికే దక్కినవి. ఈ కథను మనం నవ్వుకొనుటకే చెప్పుకొంటాము. నిదానించి చూస్తే అందులో జంతుమనస్తత్వ శాస్త్రపు గొప్ప సూత్రమొకటి ఉన్నది. పిల్లి ఒక్క చేదు అనుభవంతోనే జీవితాంతపు పాఠం నేర్చుకొంటుంది. మొదటి పరిచయం బాధతో ముడిపడినదా, తరువాత ఎంత మంచి పాలు పోసినను అది దగ్గరకు రాదు.

రెండు పిల్లులను తొలినాడే ఒకచోట వదలి, “అవే కొట్టుకొని అవే సర్దుకొంటాయి” అనుట కాగిన పాలు పోయుట వంటిదే. మనం చేయవలసినది దీనికి సరిగా విరుద్ధం. ఒకదాని వాసన, చప్పుడు, రూపు తెలిసిన ప్రతిసారియు రెండవదానికి ఏదో ఒక ప్రియమైన అనుభవం కలగవలెను. ఆ పద్ధతి ఇది.

మొదటి మెట్టు వేరుగది. కొత్త పిల్లికి ఒక గది కేటాయించి తలుపు మూసి ఉంచవలెను. అందులో మేత, నీరు, ఇసుకతొట్టి, దాగుకొనుటకు ఒక అట్టపెట్టె అమర్చవలెను. పాత పిల్లి అలవాటుగా నిద్రించే గదిని మాత్రం ఇందుకు వాడరాదు. తన చోటు పోయినదనే కోపంతో కథ ఆరంభం కాకూడదు.

రెండవ మెట్టు వాసన. పిల్లికి లోకం ముక్కుతోనే తెలుస్తుంది. మెత్తని గుడ్డతో కొత్త పిల్లి చెంపలు నిమిరి, ఆ గుడ్డను పాత పిల్లి తిరిగేచోట పడవేయవలెను. పాత పిల్లి వాసన గల గుడ్డను కొత్తదానికి అందించవలెను. గుడ్డను చూచి బుసకొట్టినచో దూరంగా జరిపి, పక్కన చేపముక్క పెట్టవలెను. ఆ గుడ్డను పట్టించుకొనకుండ నడచిపోయే దినం వచ్చినదంటే ఒక మెట్టు ఎక్కినట్లే. ఆ తరువాత పాత పిల్లి లేని సమయంలో కొత్తదానిని ఇల్లంతా తిరుగనిచ్చి, ఆ వేళ పాతదానిని కొత్తదాని గదిలో ఉంచవలెను.

మూడవ మెట్టు తలుపునకు ఇరువైపుల భోజనం. మూసిన తలుపునకు అటు ఒక పళ్లెం, ఇటు ఒక పళ్లెం. మొదట నాలుగు మూరల దూరాన. దినదినానికి కొంచెం దగ్గరగా. అవతలివాని చప్పుడు వినబడినప్పుడే రుచియైన ముద్ద దొరుకుతుందనే భావం ఈ విధంగా కలుగుతుంది.

నాలుగవ మెట్టు చూపు. దోమల బెడద గల మన ప్రాంతంలో జాలితలుపు లేని ఇల్లు అరుదు. ఆ జాలితలుపే ఇక్కడ అమూల్యమైన సాధనం. దానికి ఒక పంచెగాని, దుప్పటిగాని కట్టి, కింద బెత్తెడు మాత్రం తెరచి, రెండువైపుల మేత పెట్టవలెను. శాంతంగా తింటున్నచో మరునాడు మరికొంత పైకి మడవవలెను.

ఐదవ మెట్టు సమాగమం. రెండింటికి కడుపునిండిన తరువాత, ఇల్లు సందడిలేనప్పుడు, ఐదు నిమిషాలు తలుపు తీయవలెను. ఎత్తుకొని తెచ్చి మూతులు కలపరాదు. దారపుకొసకు కట్టిన ఈకతోనో, కాగితపు ఉండతోనో రెండింటి దృష్టిని ఆటవైపు మరల్చవలెను. ఏ పొరపొచ్చెం రాకముందే ముగించవలెను. ఐదు నిమిషాలు పది, పది ఇరువది కావలెను. మనం ఇంటలేనప్పుడు, రాత్రివేళ కొన్నాళ్లు వేరుగానే ఉంచవలెను.

ఈ మెట్లన్నియు కొన్ని పిల్లులకు వారంలో పూర్తి కావచ్చును. కొన్నింటికి రెండు మూడు నెలలు పట్టవచ్చును. ఏ మెట్టుమీద కలత కనబడితే అక్కడినుండి ఒక మెట్టు దిగి మరల ఎక్కవలెను. ఇందులో ఇంటివారి తొందరకు తావులేదు.

పిల్లి భాష

పిల్లులు ఏమనుకొంటున్నవో తెలియుటకు వాటి దేహభాష తెలియవలెను. బుసకొట్టుట తప్పు కాదు; అది “దూరంగా ఉండు” అనే మర్యాద హెచ్చరిక. బుసకొట్టినదని కొట్టుట, నీళ్లు చల్లుట చేయరాదు. ఆ దండన బాధను పిల్లి కొత్తపిల్లి రాకతో ముడివేసుకొంటుంది. చెవులు వెనుకకు వాల్చి, తోకను నేలకు టపటప కొట్టుతూ, రెప్పవాల్చక చూచుట పోరాటానికి సన్నాహం. అప్పుడు అట్టముక్కను మధ్య అడ్డుపెట్టి వేరుచేయవలెనేగాని చేతులు పెట్టరాదు. చప్పుడులేని వైరం మరింత ప్రమాదకరం. ఒక పిల్లి గడపలో అడ్డుగా పడుకొని రెండవదానిని ఇసుకతొట్టి వద్దకు, మేతవద్దకు పోనీయకపోవుట, రెండవది దినమంతా బీరువామీదనే ఉండిపోవుట సఖ్యతకు గుర్తు కాదు, అది దౌర్జన్యం.

కళ్లు మూసుకొని పాలు త్రాగే పిల్లిని మన సామెత దొంగగా చిత్రించినది. కాని నెమ్మదిగా రెప్పలు వాల్చి చూచుట పిల్లి భాషలో విశ్వాసానికి గుర్తు. మనిషి ఆ విధంగా రెప్పలు వాల్చినచో పిల్లి కూడ వాల్చి బదులిస్తుందని ఇంగ్లండు దేశపు ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రకటించినారు. తోక నిలువుగా ఎత్తి ఎదురువచ్చుట, ముక్కులు ఆనించుకొనుట, ఒకదానినొకటి నాకుట, ఒరుసుకొని నిద్రించుట స్నేహలక్షణాలు. కొన్ని పిల్లులు ఈ దశకు ఎన్నటికిని రావు. ఒకే గదిలో చెరొక మూల ప్రశాంతంగా పడుకొన్నను అది విజయమే.

ఇంటి ఏర్పాటు, ఆహారం

పంపకం సరిగా లేని ఇంట తగవులు తప్పవు. రెండు పిల్లులకు మేతపళ్లేలు రెండు. అవి ఒకదానికొకటి కనబడనంత దూరంలో ఉండవలెను. నీటిగిన్నెలు వేరువేరు చోట్ల ఉండవలెను. ఇసుకతొట్లు పిల్లుల సంఖ్యకన్న ఒకటి ఎక్కువ, అనగా మూడు ఉండవలెను. సూర్యలంక నుండి తెచ్చినదైనా, కాలువగట్టుదైనా, ఇసుకను జల్లించి ఎండబెట్టి వాడవచ్చును. తొట్టిని ప్రతిదినం శుభ్రం చేయవలెను. పిల్లి మలంలో ఉండగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వ్యాపింపజాలినదిగా మారుటకు కనీసం ఒక దినం పడుతుంది కనుక ఏనాటిది ఆనాడే తీయుటలో రక్షణ ఉన్నది. గర్భవతులు ఆ పని చేయకుండుట మంచిది. అటక, అలమర, కిటికీ దిమ్మ వంటి ఎత్తైన చోట్లు రెండింటికి అందుబాటులో ఉన్నచో నేలమీద తగవులు తగ్గుతాయి.

మన ఇళ్లలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టుట ఆచారం. పిల్లి శుద్ధ మాంసాహారి. ఎదిగిన పిల్లులలో అనేకానికి పాలు అరుగవు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి దేహం తగినంత తయారుచేసుకొనలేదనియు, అది లోపించినచో కంటిపొర చెడి చూపు పోతుందనియు 1975లో తెలిసినది. ఆ లోపం గుండెను కూడ దెబ్బతీస్తుందని 1987లో తేలినది. టారిన్ చేపలలో, మాంసంలో ఉంటుంది. ఉడికించినప్పుడు నీటిలోనికి దిగుతుంది. కనుక ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండ ఉడికించిన చేపను, ముళ్లు తీసి, ఆ ఉడికిన నీటితో సహా పెట్టవలెను. రెండు పిల్లులకు ఈ మేర ఖర్చు పెట్టలేని ఇల్లు రెండవదానిని తేకుండుటే దానికి చేసే మేలు. జ్వరం వచ్చినదని పారాసెటమాల్ బిళ్ల వేయుట మాత్రం ఎన్నడు చేయరాదు. అది పిల్లికి ప్రాణాంతకం.

పొసగనప్పుడు

ఇన్ని చేసినను కొన్ని జంటలు పొసగవు. నెలలు గడచినను ఒక పిల్లి తిండి మానుట, బొచ్చు రాలునట్లు నాకుకొనుట, గాయపడుట కొనసాగినచో రెండింటిని ఇంటిలోనే శాశ్వతంగా వేరుచేయవలెను. లేదా ఒకదానికి బాధ్యతగల మరొక ఇల్లు వెదకవలెను. అందుచేత తెచ్చేనాడే, పొసగనిచో తిరిగి తీసికొనే ఏర్పాటు ఇచ్చినవారితో చేసుకొనుట మంచిది. బంధుమిత్రులలో ఎవరైనా ఆదరింతురేమో ముందే విచారింపవలెను.

కాలువ అవతల వదలుట పరిష్కారం కాదు. ఇంటి మేతకు అలవాటుపడిన పిల్లి తెలియనిచోట, అక్కడి పిల్లుల సరిహద్దులలో, కుక్కల నడుమ బ్రతుకుట దుర్లభం. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును తగిన కారణం లేకుండ విడిచిపెట్టుట 1960 జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టంకన్న ముందే ధర్మం ఈ మాట చెప్పినది. ప్రవక్తవారి అనుచరులలో అత్యధిక హదీసులను ఉల్లేఖించిన అబూ హురైరా గారికి ఆ పేరు పిల్లిపిల్లమీది ప్రేమవలన వచ్చినదే. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తనంతట వెదకి తిననీయక చంపిన స్త్రీ శిక్షకు గురియైన వృత్తాంతం బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోను ఉన్నది. పెంచుటకు పూనుకొన్నవానికి పోషించే బాధ్యత తప్పదనుటకు ఇంతకన్న స్పష్టమైన హెచ్చరిక వేరొకటి అక్కరలేదు.

సెలవులకు ఇంటికి వెళ్లే మా విద్యార్థులలో కొందరైనా చెల్లెళ్ల కోరికమీదనో, అమ్మ ముచ్చటకొరకో పిల్లిని తేబోతారు. వారు రెండు లెక్కలు వేసుకొనవలెను. ఒకటి డబ్బు లెక్క: మేత, టీకాలు, శస్త్రచికిత్స. రెండవది కాలం లెక్క: చక్కగా పెంచిన పిల్లి పదిహేను సంవత్సరాలు జీవిస్తుంది. ఈనాడు బి.ఏ. మొదటి సంవత్సరం చదివే విద్యార్థి తెచ్చిన పిల్లి, అతని పిల్లలు బడికి పోయేనాటికి కూడ ఆ ఇంట ఉండగలదు. ఈ రెండు లెక్కలు సరిపోయినచో, ఇంటి జాలితలుపునకు ఒక దుప్పటి కట్టి, చేతిలో రెండు పళ్లేలు పట్టుకొని, ఓపికతో పని ఆరంభింపవచ్చును.